ముక్క ముట్టని అల్లుడు

ఉధ్నా, సూరత్
జనవరి 12

ప్రమీలత్తమ్మకు,

నీ మేనకోడలు లత రాసేది. కవరు చింపుతూనే "ఫోనుండంగ ఈ పోరికి ఉత్తరమెందుకు" అని తిట్టుకుని ఉంటావు. తిట్టుకో. సిరిసిల్ల మగ్గాల మోత నీ చెవుల్ని ఏనాడో తినేసింది. ఫోన్లో నువ్వు "ఆఁ? ఏందీ?" అంటావు, నేను అరుస్తాను, పక్క గదిలో బాపు, కింద ఇంటి ఓనరమ్మ అందరూ వింటారు. ఇది అరిచి చెప్పే సంగతి కాదు. మునిసిపాలిటీ తెలుగు బడిలో చదివిన చదువు ఇన్నాళ్లకు పనికొస్తోంది.

ఒక మనిషి ఉన్నాడత్తమ్మా.

పేరు పరుశురాం. మనోళ్లే, జగిత్యాల దిక్కు. వడోద్‌లో మెస్సు నడుపుతాడు. వాళ్ల నాన్న మొండయ్య పెట్టిన మెస్సు అది. ఆయన పోయాక తల్లీ కొడుకూ చూసుకుంటున్నారు. మగ్గాల మీద పనిచేసే మనవాళ్లలో సగం మంది అక్కడే తింటారు. పోయిన వానాకాలంలో అమ్మకు జ్వరం వస్తే, ఆదివారం పూట డబ్బా పట్టుకుని మటన్ కోసం నేనే పోయాను. లైను రోడ్డు దాకా ఉంది. కర్మం అనుకుంటూ నిలబడ్డాను.

ఇంటికి తెచ్చి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండిపోయాను. ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని, ఊరంటే నాకు ఎండాకాలం సెలవులే కదా! ఆ ముద్దతో మన వాడలో పెండ్లి పందిరి కింద, నీ పక్కన కూర్చున్నట్టయింది. ఎండుకొబ్బరి తెలుస్తోంది, గసాలు తెలుస్తున్నాయి, ముక్క మాత్రం పంటికి పని చెప్పకుండా జారిపోతోంది. ఒక మనిషి చేతికి ఇంత పనితనం ఎట్లా వస్తుందని నాకు అప్పటినుంచీ ఆశ్చర్యమే.

మరుసటి వారానికి అమ్మ జ్వరం తగ్గింది. నాకే తగ్గలేదు. డబ్బా పట్టుకుని మళ్లీ పోయాను. ఆ పై వారమూ పోయాను. అప్పుడు ఆయనే అడిగాడు, "మీ అమ్మకు ఇంక జరం పోలేదా?" అని. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, "పోయింది, మూలుగ బొక్క వెయ్యి" అన్నాను. ఆయన నవ్వాడు. అయిపోయిందత్తమ్మా, నా పని అక్కడే అయిపోయింది.

ఇప్పుడు ఆఫీసు అయ్యాక అప్పుడప్పుడు కలుస్తున్నాం. ఒకసారి దుమస్ సముద్రం దాకా పోయి వచ్చాం. బాపుకు తెలియదు. అక్కవని ఆయన నీ మాట ఒక్కటే వింటాడు. నువ్వు మెల్లగా కదిపి చూడు.

నీ కోడలు
లత


సిరిసిల్ల
జనవరి 24

బిడ్డా లతా,

నీ ఉత్తరం వచ్చేవరకు బీడీల చాట ముంగటేసుకొని కూసున్న. చదివినంక చాట పక్కకు వెట్టిన, మల్లా ఒకసారి చదివిన. ఓసి నీ పాడుగాను! మన ఇంట్ల మొగోళ్లందరు మగ్గాల మీదనే బతుకు తెల్లారిచ్చిండ్రు, నువ్వేమో గంటె తిప్పెటోన్ని పట్టినవు. మంచి పని చేసినవు. మొగడు వండితె ఆడిది కూసొని తినుడు అనేది మన ఖాన్‌దాన్‌ల ఎవలు చూడలే. నువ్వన్న చూడు, నేను కండ్లార చూస్త.

మీ బాపు సంగతి నాకు విడిచిపెట్టు. గాని ముందుగాల నాకు మూడు ముచ్చట్లు చెప్పాలె. ఒకటి, తాగుతడా? రెండు, తల్లి ఎసొంటిది? మూడు, ఏ తునక ఇష్టం? కార్జమా, నెత్తురు నల్లనా, తలకాయనా?

మూడోది నవ్వులాటకు అడుగుతలేను. పోయిన దసరాకే ఒక మేకపోతు పిల్లను పట్టిన. నల్లటిది, చెవులు తెల్లగుంటయి. వేపాకు, తుమ్మకాయ పెట్టి సాదుతున్న. నీ పెండ్లికే. మీ బాపు ఎన్నో ఏండ్ల సంది నాతోని ఒక్కటే అంటడు. "అక్కా, నా అల్లునికి నా చేతితోని కార్జం పెట్టాలె, అందరు సూడాలె" అని. దేవునికి మొక్కినట్టే అంటడు. గందుకే ఆ పిల్లగాడు గట్టిగ తినెటోడేనా అని అడుగుతున్న. జల్ది రాయి.

నీ అత్త
ప్రమీల


ఉధ్నా, సూరత్
ఫిబ్రవరి 6

అత్తమ్మా,

నువ్వు మెల్లగా కదిపితే ఇట్లా ఉంటుందా? బాపుకు ఫోన్ చేసి "వడోద్‌ల మెస్సు నడిపే పిల్లగాడు ఉన్నడు, మన లతకు మంచిగుంటడు, పోయి చూసి రా" అని చెప్పావట. బాపు "ఎవడు, ఏం మెస్సు, నీకెట్ల తెలుసు" అని అడుగుతూనే ఉంటే "ఆఁ, మంచిది, మంచిది" అని పెట్టేశావట. బాపు ఫోను చేతిలో పట్టుకుని అరగంట అట్లాగే కూర్చున్నాడు.

కానీ పోయాడు! ఎవరికీ చెప్పకుండా, ఆదివారం చొక్కా మార్చుకుని, గిరాకీలాగా పోయి కూర్చుని తిని వచ్చాడు. ఉధ్నా దాకా ఆటోలో చెయ్యి కడుక్కోకుండా వచ్చాడత్తమ్మా, వాసన పోతుందని. వచ్చి అమ్మ ముక్కు దగ్గర ఆ చెయ్యి పెట్టి, "గిది కూరంటే. ముప్పై ఏండ్ల సంది నువ్వు వండిందేందో నాకు సమజైతలేదు" అన్నాడు. అమ్మ లేచి లోపలికి పోయింది. తర్వాత బాపు నన్ను చూసి, "పిల్లగాడు నేను తినంగ నా మొఖమే చూస్తుండె. పోల్చిండా ఏంది?" అని అడిగాడు. నేను గిన్నెలు కడగడానికి పోయాను.

నీ ప్రశ్నలకు జవాబులు. తాగడు, టీ కూడా ఒక్క పూటే. తల్లి నర్సవ్వ బంగారం. నేను పోతే నా చేతిలో సంచీ లాక్కుని మరీ కూర్చోబెడుతుంది. నోరు మాత్రం పెద్దది, నీకు సరిజోడు.

చలికాలం కదా, ఇక్కడ లేత జొన్నలు వేయించి పొంక్ అని అమ్ముతారు. మన ఊచబియ్యమే! పరుశురాం పొట్లం కట్టించుకుని మా ఆఫీసు కిందికి తెచ్చాడు. ఇద్దరం స్కూటర్ మీద కూర్చుని తిన్నాం. మార్చి నెలలో పూలు పండ్లు పెట్టుకుని మాట ఖాయం చేసుకుందామని బాపు అంటున్నాడు. నాకు కాళ్లు నేల మీద ఆనడం లేదు.

నీ లత


సిరిసిల్ల
ఫిబ్రవరి 15

లతా,

మూడు అడిగిన. రెండు చెప్పినవు. ఊచబియ్యం ముచ్చట నేను అడగలే.

నాకు చెవులు లేవు గాని కండ్లున్నయి. మూడో దానికి జవాబేది?

ప్రమీల


ఉధ్నా, సూరత్
ఫిబ్రవరి 27

అత్తమ్మా,

నీ దగ్గర దాచడం నా వల్ల కాదు. చెబుతున్నాను. తిట్టేది ఉంటే చివరిదాకా చదివి తిట్టు.

ఆయన తినడు. కార్జం, నల్ల, తలకాయ ఏదీ తినడు. కోడి తినడు, చేప తినడు, గుడ్డు కూడా తినడు. పుట్టి ఎన్నడూ తినలేదు.

నాకూ చాలా రోజులు తెలియలేదు. సూరత్‌లో శాకాహారికి ఏం కరువు? లోచో తిన్నాం, భజియాలు తిన్నాం, ఏ బండి దగ్గర ఆగినా అన్నీ ఆయన తినేవే. ముక్క కావాలంటే వెతుక్కోవలసింది నేనే. ఒక రోజు నేనే గుడ్ల బండి దగ్గర ఆపించాను. నాకు ఒక ప్లేటు చెప్పి, తనకు ఉత్త పావు చాలన్నాడు. ఉపవాసమేమో అనుకున్నాను. నాకు ఉడికిన గుడ్లు వస్తే తీసుకుని పెంకు ఒలిచి, ఉప్పూ కారం అద్ది నా చేతిలో పెట్టాడు. "నువ్వు తినవా?" అంటే, "ఎన్నడు తినలే" అన్నాడు. "మరి నీ మటనో?" అంటే, "అది మీకు" అన్నాడు.

నేను నమ్మలేదత్తమ్మా! లైన్లో నిలబెట్టించే ఆ కూర రుచి దాన్ని వండినవాడికి తెలియదట! ఆదివారం పొద్దున్నే మెస్సుకు పోయి వంట దగ్గరే కూర్చున్నాను, ఉప్పు ఎట్లా చూస్తాడో చూద్దామని. కూర ఉడికాక మొదటి ప్లేటు రాములు తాత ముందు పెట్టారు. ముసలాయన, ఒకప్పుడు మగ్గం నడిపినవాడే. ఆ ప్లేటు రోజూ ఆయనదేనట. పరుశురాం గంటె పట్టుకుని ఆయన ఎదురుగా నిలబడ్డాడు.

"ఎట్లుందని అడగొద్దు," అన్నాడు నాతో మెల్లగా. "అడిగితే అందరు మంచిగుందనే అంటరు. మొదటి ముద్ద ఆకలిది, దాన్ని ఇడిచిపెట్టు. రెండో ముద్ద చూడు. పెద్దగ కలిపితే కుదిరినట్టు. నీళ్ల దిక్కు చెయ్యి పోతే కారమో ఉప్పో ఎక్కువైనట్టు. ఉల్లిగడ్డ దిక్కు పోయిందనుకో, ఉప్పు చాలలే."

రాములు తాత చెయ్యి ఉల్లిగడ్డ మీదికి పోయింది. పరుశురాం పిడికెడు ఉప్పు తీసి గంజులో వేశాడు. కాసేపాగి ఇంకో గంటెడు వేస్తే, తాత ఈసారి తల ఎత్తలేదు, ముద్ద ఆపలేదు. ఇన్నేండ్లుగా ఆయన వేరేవాళ్ల నోటితోనే రుచి చూస్తున్నాడు!

ఎందుకు తినవని అడిగాను. మొక్కా, మాలనా, ఎవరికైనా ఇచ్చిన మాటా? "ఏం లేదు లతా. ఎందుకో నాకే ఎర్క లేదు. బుద్ధి కాదు, అంతే" అన్నాడు. నర్సవ్వ అందుకుంది: "చిన్నగున్నప్పుడు ముక్క పెడితే నోరు బిగవట్టెటోడు. వాళ్ల నాయిన చింత బరిగెతోని కొట్టిండు. ఒళ్లంత వాతలు తేలినా నోరు తెరువలే నా కొడుకు." నేను తింటే వాసన రాదా అని కూడా అడిగాను. "వస్తది. అయితె ఏమాయె? తినేటప్పుడు నీ మొఖం మంచిగుంటది" అన్నాడు. నన్ను మానెయ్యమని ఒక్కసారి కూడా అనలేదు.

నాకు ఆయనంటే ప్రాణం. బాపుకు మాత్రం ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. నువ్వే దారి చూపించు.

లత


సిరిసిల్ల
మార్చి 8

లతా,

నీ ఉత్తరం చదివి పోతు దిక్కు చూసిన. అది నా దిక్కు చూసింది. ఇద్దరికి ఏం సమజ్ గాలే.

ముక్క ముట్టని మొగోన్ని మన కులంల నేనైతే చూడలే. మస్తు కోపమొచ్చింది. పిల్లగాని మీద గాదు, నీ మీద. ఇన్ని దినాలు తెలిసి గూడ మీ బాపుకు ఆశ పెట్టినవు. ఆయనకు అది ఎంత ముచ్చటనో నీకు తెల్వదు. నేను గూడ నీకు చెప్పలే. చెప్పుకునేది గాదని ఊకున్న. ఇగ చెప్తున్న, విను.

మీ బాపు పెండ్లయిన ఏడాదే మగ్గాలు బందువడ్డయి. ఎవలింట్ల చూసినా పస్తులే. పెండ్లయినంక మొదటిసారి అత్తగారింటికి పోయిండు. కొత్తల్లుడు వస్తె యాట కోసుడు మన రివాజు. ఆయన తోడల్లుండ్లకు కోసిండ్రు, ముందటేడాది. మీ బాపు వంతు వచ్చేవరకు ఆ ఇంట్ల ఏం లేదు. మీ అమ్మమ్మ పెసరపప్పు వండి పెట్టింది. తోడల్లుండ్లు అక్కడ్నే కూసొని నవ్విండ్రట. "సాంబయ్యకు పప్పును కోసిండ్రు" అని. ఆ నవ్వు ఆగలే బిడ్డా. ఇప్పటికి పెండ్లిళ్ల కాడ కలిస్తె "పప్పు సాంబయ్య వచ్చిండు" అంటరు. మీ బాపు నవ్వినట్టె చేసి బీడి ముట్టిస్తడు. గా సంది అంటుండు, "నా అల్లుడు నా ఇంటికొచ్చిన్నాడు చూడుండ్రి" అని. ఆ మాట మీదనే సూరత్‌ల ఇన్నేండ్లు మగ్గం నడిపిండు.

ఇప్పుడు నువ్వు తెచ్చిన అల్లునికి పప్పే కావాలె. నేను ఏడ్వాల్నా నవ్వాల్నా?

పూలు పండ్లకు ముందుగాలనే చెప్పు. నువ్వే చెప్పు. పదిమందిల తెలిస్తె మీ బాపు తట్టుకోడు.

ప్రమీల


ఉధ్నా, సూరత్
మార్చి 24

అత్తమ్మా,

నేను చెప్పలేదు. పదిమందిలోనే తెలిసింది.

చెబుదామని పోయిన ప్రతిసారీ బాపు మటన్ దుకాణం వాడితో కార్జం గురించే మాట్లాడుతూ కనపడ్డాడు. నీ ఉత్తరం చదివాక అసలు నోరే రాలేదు. పరుశురాం మాత్రం, "నేను చెప్తా, నన్ను పోనియ్యి" అన్నాడు. "ఈ ఒక్క రోజు గడవనీ" అని ఆపింది నేనే. నువ్వు ఎంత తిట్టినా పడతాను.

మొన్న ఆదివారం మా ఇంట్లోనే పూలు పండ్లు పెట్టుకున్నారు. జగిత్యాల నుంచి తిరుమల పెద్దనాయన కూడా వచ్చాడు. నువ్వు రాసిన ఆ తోడల్లుళ్లలో ఒకడు. ఇంటి ఓనరమ్మకు మేము వెజ్ అని చెప్పి అద్దెకు దిగాం కదా, అంత ఉక్కలో కిటికీలన్నీ మూసి, నీసు వాసన పోవాలని అగరబత్తీలు వెలిగించి కూర్చున్నాం. బయటికి వెజ్ అని అబద్ధం, లోపల బాపు దగ్గర నాన్‌వెజ్ అని అబద్ధం. చెమటలు కారిపోతున్నాయి నాకు.

తాంబూలాలయ్యాక పరుశురాంను కూర్చోబెట్టి విస్తరి వేశారు. బాపు కొత్త పంచె కట్టుకున్నాడు. కార్జం ముక్కను అన్నంలో కలిపి ముద్ద చేశాడు. "తిరుమలన్నా, జర ఇటు సూడు" అన్నాడు. పెద్దనాయన చూసేదాకా ఆగాడు. ముద్ద పరుశురాం నోటి దగ్గర పెట్టాడు.

పరుశురాం నా వైపు చూడలేదు. బాపు ముఖం వైపే చూశాడు. చూసి, నోరు తెరిచాడు.

వాతలు తేలినా తెరవని నోరు అత్తమ్మా! బాపు కోసం తెరిచాడు! కళ్లు మూసుకున్నాడు. మనిషిలో ఇంత ఉంటుందా అనిపించింది. అది నేను చూడలేకపోయాను. పోయి బాపు చెయ్యి పట్టుకుని, ఆ ముద్ద నేను తినేశాను.

"ఆయన తినడు బాపూ," అన్నాను. "పుట్టి ఎన్నడు తినలే."

బాపు నన్ను అడగలేదు, ఆయన్నే అడిగాడు: "మరి నోరెందుకు తెరిచినవు?"

"మీరు పెడ్తున్నరు గద. పదిమందిల మీ చెయ్యి వాపస్ పోవద్దని" అన్నాడు పరుశురాం.

తిరుమల పెద్దనాయన మెల్లగా నవ్వాడు. "అల్లుడు గూడ పప్పేనా సాంబయ్యా?" అన్నాడు. బాపు లేచి చెయ్యి కడుక్కున్నాడు. "తినకపోతె తినకపోనీ. నా ముంగట దొంగనోరు తెరువొద్దు. మీరిద్దరు కలిసి నన్ను పిచ్చోన్ని చేసిండ్రు" అని చెప్పులేసుకుని బయటికి పోయాడు. పెట్టిన పూలు, పండ్లు అక్కడే ఉన్నాయి. నర్సవ్వ నా తల మీద చెయ్యి పెట్టి, కొడుకును తీసుకుని పోయింది.

ఆ రోజునుంచీ బాపు నాతో మాట్లాడడం లేదు. అన్నం మాత్రం తింటున్నాడు, తల దించుకుని. నేను ఆయన రెండో ముద్ద చూస్తున్నాను. చిన్నదిగా ఉంటోంది.

లత


సిరిసిల్ల
ఏప్రిల్ 2

బిడ్డా,

నీ ఉత్తరం చదివి చెయ్యి ఆడలే. ఆ పిల్లగాడు నోరు తెరిచిండని రాసిన కాడ ఆగిపోయిన. ఏం మనిషి బిడ్డా! నాకు కొడుకుంటె గూడ మీ బాపు కోసం గంత పని చేస్తుండెనో లేదో.

గాని ఒక మాట యాదికి వెట్టుకో. మీ బాపుకు తునక మీద కోపం లేదు. నలుగుట్ల నవ్వులపాలయిన మనిషి, ఎవడు నిజంగ మర్యాద చేస్తుండు, ఎవడు ఊకెనే చేస్తుండు అని కనిపెట్టుకుంటనే బతుకుతడు. నీ మొగడయ్యెటోడు మంచితనంతోనే తెరిచిండు, నాకు తెలుసు. మీ బాపుకు అది గూడ జాలి లెక్కనే కనవడ్డది.

నేను మీ బాపుకు ఫోన్ చేసిన. నా మాట చెప్పి పెట్టేసిన, ఆయన మాట నాకెట్లయిన వినవడది గద. ఏం చెప్పిన్నంటె, "తమ్మీ, ఆ దినం అత్తగారింటికెళ్లి సక్కగ మా ఇంటికే వచ్చినవు. చెప్పులు ఇడువకముందే ఏమన్నవు? 'అక్కా, గసొంటి పప్పు నేను పుట్టి తినలే' అన్నవు. వాళ్లు నవ్విన ముచ్చట ఎనుక చెప్పినవు. ముందుగాల పప్పు ముచ్చటే చెప్పినవు. నవ్వు యాదికుంచుకున్నవు, పప్పు మరిచినవు" అన్న. గంతే.

బతిలాడకు. పిల్లగాన్ని గూడ కాళ్లు మొక్కుమని పంపకు. ఏమైతదో చూద్దాం.

ప్రమీల


ఉధ్నా, సూరత్
ఏప్రిల్ 16

అత్తమ్మా,

ముందు పోతు సంగతి. దాన్ని అమ్మెయ్యకు. మే నెలలో నా పెండ్లి! చదివావా? మళ్లీ చదువుకో. వచ్చేవాళ్లందరికీ మటన్ ఉంటుంది, నేనూ కడుపునిండా తింటాను. అది తనే వండుతానని పరుశురాం పట్టుబట్టాడు, పెండ్లికొడుకు గంటె పట్టుకుంటే నలుగురు నవ్వుతారని నర్సవ్వ తిడుతోంది. ఇంకా తేలలేదు.

ఇప్పుడు జరిగింది చెబుతాను. నిన్ననే జరిగింది, నాకు ఇంకా నమ్మకం కుదరడం లేదు.

నీ ఫోను వచ్చాక బాపు రెండు రోజులు పనికి పోలేదు. ఆ తర్వాత వారం దాటాక "ఆదివారం ఆ పిల్లగాన్ని రమ్మను. ఒక్కన్నే" అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. నేను చచ్చి బతికాను.

ఆదివారం పొద్దున బాపు వంటింట్లోకి పోయాడు. పుట్టి బుద్ధెరిగాక బాపు వంటింట్లో నీళ్ల చెంబు ముంచుకోవడం కూడా నేను చూడలేదు. అమ్మ లేచి నిలబడింది. బాపు గోడ వైపు చూస్తూ అడిగాడు, "మీ అవ్వ పెసరపప్పు ఎట్ల చేస్తుండె?"

అమ్మ పప్పుల డబ్బాల వైపు చూసింది. అప్పుడు నాకు తెలిసిందత్తమ్మా, మా ఇంట్లో పెసరపప్పు ఎన్నడూ వండలేదు. కందిపప్పు ఉంది, శనగపప్పు ఉంది, అది మాత్రం డబ్బాలోకి కూడా రాలేదు. ఎవరికీ ఇష్టం లేదేమో అనుకునేదాన్ని. తిరుమల పెద్దనాయన నవ్వినప్పుడల్లా అమ్మ ఎందుకు లోపలికి పోయేదో నాకు అంతకు ముందు తట్టనే లేదు. నవ్వింది బాపును చూసే అయినా, ఆ పప్పు వండింది అమ్మ తల్లి కదా. ఇన్నేండ్లూ ఒక్క మాట అనకుండా మోసింది. నేను సిగ్గుపడ్డాను.

"పోయి పప్పు తే" అన్నాడు బాపు నాతో. కిందికి పరుగెత్తి తెచ్చాను. అమ్మ గడపలో నిలబడి చెప్పింది, బాపు చేశాడు. "జర ఏయించు. మాడనియ్యకు. నీళ్లు ఎక్కువైనయి. ఎల్లిపాయ చిదుము, కొయ్యకు. ఎండుమిరప నూనెల నల్లగ గావాలె." అమ్మ గొంతు మొదట లేదు, మెల్లమెల్లగా వచ్చింది. పోపు వేసేసరికి బాపును కసురుతోంది కూడా.

పరుశురాం వచ్చి కూర్చున్నాడు. బాపు తనే వడ్డించాడు. అన్నం, పప్పు, ఇంకేమీ లేదు. ఎదురుగా కూర్చుని, "తిను. తిని నిజం చెప్పాలె" అన్నాడు.

పరుశురాం ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద కలిపాడు, తిన్నాడు. నేను ఆ ముద్దనే చూస్తున్నాను. ఆయన నా వైపు చూశాడు, తర్వాత బాపును చూశాడు.

"ఉప్పు తక్కువైంది మామా" అన్నాడు.

అయిపోయిందనుకున్నాను. బాపు అరచేత్తో నేల మీద ఒక్కటి చరిచాడు. "గిది! గిది నోరు తెరుసుడంటె!" అని పెద్దగా నవ్వాడు. కిందింటి వాళ్లకు వినపడేలా నవ్వాడు. పరుశురాంకు ఉప్పు అందిద్దామని నేను లేచేలోపే అమ్మ గడపలోంచి అంది.

"మా అవ్వది గూడ గట్లనే ఉంటుండె. ఉప్పు తక్కువ."

బాపు నవ్వు ఆగింది. అమ్మను చూశాడు. "అవును," అన్నాడు. "ఆ దినం గూడ తక్కువనే ఉండె. అయినా మూడుమాట్ల ఏయించుకున్న."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతసేపు ఏడవలేదు, అప్పుడు ఏడ్చింది. పరుశురాం తల దించుకుని తింటున్నాడు, నేను ఏడుస్తున్నాను, బాపు ఎవరినీ ఊరుకోమనలేదు. లేచి గోడకున్న ప్లేటు తీసుకుని, అందులో అన్నం పెట్టి, పప్పు పోసి, అమ్మ ముందు పెట్టాడు. ఆమె పక్కనే కూర్చుని, తినేదాకా అట్లాగే చూస్తూ ఉన్నాడు.

నీ కోడలు
లత